ఊపిరికి రేటు

నేను ఒక ఆక్సిజన్ సిలిండరుని. మీ మనుషులంటే నాకు గౌరవం లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

ఉక్కును ఎర్రగా కాల్చి, సాగదీసి, మెడ నొక్కి నన్ను తయారుచేశారు. చాలా ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో యాకోబు వెల్డింగ్ షాపులో ఉన్నాను. విరిగిన లారీలను అతికించడమే నా పని. యాకోబు నోరు మంచిది కాదు, ఎవరినైనా తిట్టేవాడు. కానీ ఎండ నా మీద పడితే మాత్రం పని ఆపి మరీ నీడకు జరిపేవాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ధనుంజయ అనేవాడు వచ్చాడు. అంతకుముందు ఫ్లెక్సీల వ్యాపారం చేసేవాడు.

"ఆస్పత్రికి కావాలన్నా. జనం చచ్చిపోతున్నారు" అన్నాడు.

"ప్రాణాలకన్నా నా లారీలు ఎక్కువేంట్రా? తీసుకుపో" అన్నాడు యాకోబు. రూపాయి పుచ్చుకోలేదు.

నేను ఏ ఆస్పత్రికీ వెళ్లలేదు. నన్ను కడిగి, భుజాలకు తెల్లరంగు పూసి, రోగులకిచ్చే ఆక్సిజన్ నింపించి ధనుంజయ తన గోడౌన్‌లో నిలబెట్టాడు. ఇక ఫోన్లు మొదలయ్యాయి. ఒకామె ఏడుస్తూ అడిగితే, "మీకన్నా ఎక్కువిచ్చే ఆయన లైన్లో ఉన్నారమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేసి పక్కవాడితో, "నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా? వాళ్లే ఇస్తామంటున్నారు" అన్నాడు. వాడి గొంతులో జంకు లేదు. సరుకు అవసరమున్న చోటికి దానంతటదే చేరుతుందని మీలో పెద్ద చదువులవాళ్లు చెబుతుంటారు. నేను సరుకునే. ఏడ్చినామె దగ్గరకు నేను చేరలేదు.

మిర్చి వ్యాపారి పట్టాభి ఇంటికి చేరాను. ఆ ఇంట్లో ఎవరికీ దగ్గు కూడా లేదు.

"దీనికి తగిలించే మీటరేదయ్యా?" అన్నాడు పట్టాభి.

"దాని రేటు వేరండీ" అన్నాడు నన్ను దింపించిన ధనుంజయ.

"సరే, అవసరం పడితే కొందాంలే. సరుకు దొరికినప్పుడే పట్టుకోవాలి" అని నా మీద దుప్పటి కప్పించాడు.

ఆ ఇంటి వెనక వాటాలో సుగుణాకర్, హైమ అద్దెకుండేవారు. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. కాలేజీ మూతపడ్డాక జీతం ఆగిపోయింది. ఆ తర్వాత జ్వరం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం హైమ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆయనకు ఊపిరి ఆడటం లేదు. ఏ ఆస్పత్రిలోనూ మంచం లేదంటున్నారు. మీ సిలిండర్ ఒక్కసారి..."

"రేపు మాకొస్తే ఎవరిస్తారమ్మా?" అన్నాడు పట్టాభి.

ఆయన భార్య అలివేలు వంటింట్లోంచి వచ్చింది. "మనకు రేపు వస్తే రేపు చూసుకుందాం. ఆయనకు ఇవాళే వచ్చింది" అని నా మీది దుప్పటి లాగేసింది. ఆడవాళ్లిద్దరూ నన్ను వంచి, దొర్లించుకుంటూ వెనక వాటాకు తీసుకెళ్లారు. పట్టాభి అడ్డుపడలేదు, సాయమూ పట్టలేదు.

మంచం పక్కన నిలబెట్టాక గాని మీటరు లేదన్న సంగతి వాళ్లకు తెలియలేదు. గాలి ఒత్తిడి తగ్గించి కొలిచి వదిలే ఆ మీటరు లేకపోతే నాలో ఉన్నది మనిషి నోటికి అందదు. అలివేలు మీటరు కోసం ధనుంజయకు ఫోన్ చేసింది.

"ఉన్న ఒక్కటీ పొద్దున్నే ఇంకొకాయనకు ఇచ్చేశానమ్మా. ఆయనకింకా సిలిండర్ దొరకలేదు. ముందుజాగ్రత్తకు మీటరు కొనిపెట్టుకున్నారు."

"ఎవరు బాబూ? ఇల్లెక్కడో చెప్పు, వెళ్లి కాళ్లు పట్టుకుంటాం."

"అలా చెప్పకూడదమ్మా. బిజినెస్సు."

అలివేలు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తూనే ఉంది. హైమ భర్త వీపు నిమురుతూ కూర్చుంది. సుగుణాకర్ నా మీద చెయ్యి వేసి గాలికోసం ఎగబీల్చాడు. నా కడుపు నిండా ఊపిరి ఉంది. జానెడు దూరంలో ఆయన నోరు ఉంది. పొద్దు వాలకముందే ఆ చెయ్యి జారిపోయింది.

కొన్నాళ్లకు ఊళ్లో జబ్బు తగ్గింది, నా ధరా పడిపోయింది. మీలో ఒకడైన పట్టాభి అప్పుడు బాధపడ్డాడు. సుగుణాకర్ గురించి కాదు, నా గురించి. చివరికి ఎవరో నిండు సిలిండరైతే కొంటామన్నారు. ఆ మాట విన్న అలివేలు పానా తీసుకుని పెరట్లోకి వచ్చి నా మెడ తిప్పింది. నేను కీచుమంటూ మొత్తం కక్కేశాను.

పట్టాభి పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చెక్కిందా నీకు? అంత సొమ్ము గాలిపాలు చేస్తావా?"

అలివేలు పానా అక్కడే పడేసి లోపలికెళ్లింది. తన వాటా గుమ్మంలో నిలబడ్డ హైమ మాత్రం మెల్లగా నడిచొచ్చి, ఆ గాలి ముందు అరచెయ్యి పెట్టింది. చప్పుడు ఆగిపోయేదాకా తియ్యలేదు. మర్నాడు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది.

నన్ను పాత ఇనుము కొట్టుకు తూకానికి వేశారు. ఇప్పుడు తుప్పు గేట్ల మధ్య అడ్డంగా పడి ఉన్నాను. నన్ను కరిగించుకోండి, కోసుకోండి, మీ ఇష్టం. మళ్లీ నింపకండి.