కొలత తప్పని చెయ్యి

బాబుపేట్‌లో రుక్కమ్మ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు కూర్చోవడానికి కాస్త జంకుతారు. అక్కడ కుర్చీకి కోటు ఉంటుంది. మిక్సీకి టోపీ, గ్యాస్ సిలిండరుకు కుచ్చుల లంగా, టీవీ రిమోటుకు బొత్తాల చొక్కా. అన్నీ ఊలు అల్లికలే. ఎండాకాలం నలభై ఏడు డిగ్రీలు కాసే మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఇదేం పిచ్చి అని ఎవరైనా అడిగితే, "గవేమన్న చెమటకు తడుస్తయా?" అని రుక్కమ్మ ఎదురు ప్రశ్న వేస్తుంది. కోడలు ఉదయశ్రీ విరూర్ పిల్ల. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపు ఎక్కడుందో తెలియక పూల అల్లిక మీద పది నిమిషాలు తడుముకుంది.

ఈ జోరంతా ఐదేళ్లది. భర్త కనకరాజు బొగ్గు గనిలో ముప్పై ఐదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇక హాయిగా అరుగు మీద కూర్చుని టీ తాగుతానన్నాడు. ఎనిమిది నెలలు కూడా కూర్చోకుండా ఒక ఉదయం గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత రుక్కమ్మ చేతులు ఖాళీగా ఉంటే వణికేవి. ఆ వణుకు కొడుకు చందు కంట పడకూడదని సూదులు, ఊలు ముందేసుకుంది. వాడు సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఏదో ఒక వస్తువు కొత్త బట్టలు కట్టుకుని కనిపించేది. వాడు ఏమీ అనేవాడు కాదు. మోటారు సైకిల్ సీటుకు గులాబీ రంగు ఝాలరు తగిలించిన రోజు మాత్రం, "అమ్మా, గిది ఒక్కటి ఇడ్సిపెట్టే" అని చేతులు జోడించాడు.

అసలు ఆమె అల్లిక నేర్చింది పెళ్లయిన కొత్తలో. బెల్లంపల్లి నుంచి పద్దెనిమిదేళ్లకు కాపురానికి వచ్చింది. పక్క గదిలో అందరూ వహిని, అంటే వదిన, అని పిలిచే మరాఠీ ఆవిడ సావిత్రి ఉండేది. ఆమెకు తెలుగు రాదు, రుక్కమ్మకు మరాఠీ రాదు. అయినా ఒక కుట్టు సీదా, ఒకటి ఉల్టా అంటూ ఇద్దరూ మధ్యాహ్నాలు గడిపేశారు. చందు చంటిబిడ్డగా ఉన్నప్పుడు, చలిలో సైకిల్ తొక్కుకుంటూ నైట్ షిఫ్టుకు పోయే మొగుడి కోసం రుక్కమ్మ నీలం రంగు స్వెట్టర్ మొదలుపెట్టింది. పూర్తిగా అల్లిన మొదటి వస్తువు అదే. ఆయనకు చెప్పలేదు. షిఫ్టు దిగి వచ్చి పగలు గురకపెట్టి పడుకున్నప్పుడు జానలతో కొలిచింది. టేపు ముట్టలేదు.

ఆ స్వెట్టర్ సరిగ్గా సరిపోయింది. ఆమె జీవితంలో అంత గొప్ప సంగతి మరొకటి జరగలేదు. ముప్పై ఏడేళ్లుగా కుళాయి దగ్గర, కూరగాయల బండి దగ్గర, పెళ్లి పందిట్లో ఈ కథ చెప్పని రోజు లేదు. "మొదటి రోజు చేతులు మడుసుకొని ఏసుకున్నడు. సైకిల్ తొక్కంగ అడ్డమొస్తదన్నడు. తెల్లారి సంది మడుసుడే లేదు. కొలిచి పోతవోసినట్టు!" అనేది. దానికి తోకగా ఇంకో ముక్క కూడా చెప్పేది. కనకరాజు ఆ స్వెట్టర్‌ను ఎన్నడూ ఆమె చేత ఉతికించలేదట. బొగ్గు మసి నీ చేతులకెందుకే అని తనే ఉతికి, తనే ఆరేసుకునేవాడట. మిగతా బట్టల మసి మాత్రం ఆమె చేతులకే ఎందుకు అంటించేవాడో ఆమె ఎప్పుడూ అడగలేదు, విన్నవాళ్లకూ అడగాలని తోచలేదు.

కనకరాజు పోయిన పదో రోజున, చనిపోయినవాడి బట్టలు ఇంట్లో ఉంచకూడదని పెద్దలు అన్నిటినీ మూటగట్టారు. ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసి, తర్వాత లక్కడ్‌కోట్‌లో సేద్యం పెట్టుకున్న లచ్చయ్యకు ఆ మూట ఇచ్చారు. రుక్కమ్మ గోడకు ఆనుకుని శూన్యంలోకి చూస్తూ ఉంది. మూటలో స్వెట్టర్ కూడా పోయిందని ఆమెకు మూడు రోజుల తర్వాత తెలిసింది. అడిగి తెప్పించుకుందామంటే, ఇచ్చిన బట్ట తిరిగి అడిగితే పోయినాయనకు అక్కడ చలి పెడుతుందని ఒక ముసలామె భయపెట్టింది. రుక్కమ్మ నోరు మూసుకుంది. ఆయనకు చలి అంటే అసలే పడదు.

ఈ జనవరిలో వీధి మహిళా మండలి వాళ్లు హల్దీ కుంకూ పేరంటం పెట్టి, భర్త పోయినవాళ్లనూ పిలిచారు. బొట్లు పెట్టుకోవడం, నువ్వుల లడ్డూలు తినడం అయ్యాక అధ్యక్షురాలు రజిని లేచి నిలబడింది. వచ్చే ఆదివారం సమాజ్ మందిరం హాల్లో ప్రదర్శన ఉందని, ఎవరికి వాళ్లు తమ చేత్తో చేసిన మొట్టమొదటి వస్తువు తేవాలని చెప్పింది. తన మొదటి పని, తొమ్మిదో తరగతిలో కుట్టిన చిలకల జేబురుమాలు, అప్పటికే ఫ్రేము కట్టించి సిద్ధంగా ఉంచుకుంది.

"రుక్కమ్మక్కా, నీ స్వెట్టర్ తెస్తవా మరి? యాభై సార్లు విన్నం. ఒక్కపారి సూడాలె గద!" అంది రజిని.

"సూడకపోతిరా? మా ఆయిన ఊరంత ఏసుకొని తిరిగిండు."

"తిరిగిండు. కాని కొలత ఎవలు సూసిన్రు?"

ఆడవాళ్లంతా లడ్డూలు నోట్లో పెట్టుకునే నవ్వారు. రుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఆయితారం తెస్త. నువ్వు టేపు వట్టుకొని కూసో!" అనేసింది. అన్నాక గానీ ఆ స్వెట్టర్ ఇప్పుడు ఎక్కడుందో గుర్తు రాలేదు.

ఇక గత్యంతరం లేదు. స్వెట్టర్ తేకపోతే ముప్పై ఏడేళ్ల మాట అబద్ధమైపోతుంది. పరలోకంలో ఆయనకు చలి పెడితే పెట్టనీ, ఇక్కడ తన పరువు పోతోంది. శుక్రవారం పొద్దున్నే కోడలిని వెంటబెట్టుకుని రాజురా బస్సెక్కింది.

"అత్తమ్మా, ఒక ఫోన్ కొట్టి ఇచారిస్తే అయిపోతుండె గద!" అంది ఉదయశ్రీ.

"ఫోన్ల అడిగితే లేదంటరు. ఎదురుంగ కూసుంటే ఎట్లంటరు?"

రాజురాలో బస్సు మారి లక్కడ్‌కోట్‌లో దిగేసరికి ఎండ ఎక్కింది గానీ గాలి ఇంకా చల్లగానే ఉంది. లచ్చయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద జిప్పున్న కొత్త జాకెట్. అది చూడగానే స్వెట్టర్ ఇక దొరకదనుకుంది రుక్కమ్మ. లచ్చయ్య భార్య రాజక్క టీ తెచ్చింది. పత్తి ధర, అడవిపందులు, మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడుకున్నారు. అసలు మాట మాత్రం రుక్కమ్మ గొంతు దాటడం లేదు. ఇచ్చింది తిరిగి అడగడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేని పని.

ఇంతలో ఇంటి వెనక నుంచి ఒక మేక నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. నీలం రంగు స్వెట్టర్ తొడుక్కుని ఉంది.

ముందు కాళ్లు రెండూ చేతుల్లోంచి బయటికి వచ్చాయి. మెడ కాలర్‌లో కుదురుగా ఇమిడింది. రుక్కమ్మ చేతిలో టీ గ్లాసు గాలిలోనే ఆగిపోయింది. ఉదయశ్రీ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

"గది... గది మా ఆయిన స్వెట్టర్!"

లచ్చయ్య సిగ్గుతో లేచి నిలబడ్డాడు. "నాలుగు చలికాలాలు నేనే ఏసుకున్న వదినే. మోచేతుల కాడ చినిగింది. అన్న బట్టాయె, పారెయ్య మనసు రాలె. పోయినేడు దీనికి నెమ్ము వట్టి సావుకొచ్చింది. ఇది ఏసినంక మళ్లొకసారి దగ్గలె."

"దీనికే కొలిచి అల్లినట్టు ఉన్నదక్కా," అంది రాజక్క మెచ్చుకుంటూ.

అంత బాధలోనూ రుక్కమ్మకు లోపల కొంచెం గర్వం కదిలింది. వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. ఆదివారం సంగతంతా చెప్పి, స్వెట్టర్ కావాలని అడిగేసింది. లచ్చయ్య సరేనన్నాడు గానీ రాజక్క అడ్డం పడింది. మేక కడుపుతో ఉందని, ఈ చలిలో ఉత్త ఒంటితో వదిలేది లేదని ఖరాఖండిగా చెప్పింది.

"నేను కొత్తది అల్లి ఇస్త చెల్లే. గంతవరకు గిది కప్పు," అని రుక్కమ్మ తన భుజం మీది శాలువా తీసిచ్చింది. ఆమె అల్లిన వాటిలోకెల్లా మంచి శాలువా అది. మేక దాని అంచు కొరికి చూసి ఒప్పుకుంది.

స్వెట్టర్ విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. లచ్చయ్య కొమ్ములు పట్టుకున్నాడు, రాజక్క నడుం పట్టుకుంది, ఉదయశ్రీ వెనక నుంచి "అరే బాబా, చల్, చల్" అంటూ మరాఠీలో బతిమాలింది. రుక్కమ్మ కింది అంచు పట్టుకుని తల మీదుగా ఒక్క గుంజు గుంజితే, స్వెట్టర్ లోపలి వైపు బయటికి తిరగబడి ఆమె చేతిలోకి వచ్చింది. దానితో పాటు ఆమె వెల్లకిలా పడింది.

లేచి దుమ్ము దులుపుకుంటూ చూస్తే, కుడిచేతి అంచు తేడాగా కనిపించింది. బెత్తెడు అల్లిక లోపలికి మడిచి, గోనెసంచులు కుట్టే దారంతో వంకరటింకరగా కుట్టి ఉంది. ఒక కుట్టు ఇంత పొడుగు, ఇంకోటి ఇంత పొట్టి.

"ఎవలే గిట్ల కుట్టింది? నా స్వెట్టర్ ఖరాబు జేసిన్రు! రాజక్కా, నువ్వేనా?"

"నేనెందుకు కుడతనక్కా? అది అచ్చినప్పుడే అట్లున్నది."

లచ్చయ్య తల గోక్కున్నాడు. నేల చూశాడు. ఆఖరికి నవ్వేశాడు. "చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు వదినే. కాని ఇగ అన్ననే లేకపాయె. గది అన్ననే కుట్టిండు. నువ్విచ్చిన తెల్లారే. గనిల దిగెటప్పుడు దీపాలు తీసుకునే ల్యాంపు రూం ఉంటది గద, గందుల కూసొని కుట్టిండు. లైటు వట్టింది నేనే."

"ఎందుకు?"

"ఒక చెయ్యి వేళ్లు దాటి ఎల్లింది మరి. 'చెప్పేయ్ అన్నా, ఇప్పి మళ్ల అల్లుతది' అన్న నేను. 'చెప్తే ఇప్పుతదిరా. సంటిపిలగాడు ఉన్నడు, దానికి నిద్రే లేదు. గింత సంబురపడ్డది, నేనెట్ల చెప్పాలె' అన్నడు. మంచి సూది దొరకలె, దబ్బనంతోని కుట్టిండు. వేలికి రెండు పోట్లు కూడ వడ్డయి."

రుక్కమ్మ ఆ కుట్ల మీద వేలు పెట్టి తడిమింది. వరుసలు లెక్కపెడుతుండగా చందు లేచి గుక్కపట్టి ఏడ్చిన మధ్యాహ్నం ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. వాడికి పాలిచ్చి వచ్చి, లెక్క ఎక్కడ ఆపిందో అక్కడే మొదలుపెట్టాననుకుంది. మొదటి రోజు మడిచిన చేతులు, ఉతకనివ్వకపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి తేటపడ్డాయి.

తిరుగు బస్సులో సగం దూరం తిట్టింది. "ముప్పై ఏడేండ్లు! ఊరంత డప్పు గొట్టుకున్న! పక్కన నిలవడి తల ఊపిండు చూడు, దొంగ! చలి పెట్టనియ్, మంచిగనే పెట్టనియ్!" రాజురా దాటాక నవ్వడం మొదలుపెట్టింది. వార్ధా నది వంతెన మీద ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా ఆమె ఇంతగా ఏడవలేదు, అప్పుడు ఇల్లంతా జనం ఉన్నారు. ఉదయశ్రీ అత్త చెయ్యి పట్టుకుని కూర్చుంది.

బస్టాండు దగ్గరపడ్డాక కోడలు మెల్లగా అంది. "అత్తమ్మా, పైకెల్లి సూస్తే అసలు కనవడదు. రెండు చేతులు బరాబర్ ఉన్నయ్. రజిని అక్కకు మనం చెప్పేదే లేదు."

రుక్కమ్మ స్వెట్టర్‌ను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

మూడు సార్లు ఉతికినా మేక వాసన పూర్తిగా పోలేదు. ఆదివారం సమాజ్ మందిరంలో రజిని ముక్కు చిట్లిస్తూనే టేపు తీసింది. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. ఎడమ చెయ్యి కొలిచింది, కుడి చెయ్యి కొలిచింది. మళ్లీ కొలిచింది. దారప్పోగు తేడా కూడా లేదు. రజిని ముఖం వాడిపోయింది. "ఒప్పుకున్న రుక్కమ్మక్కా. నీ కొలత కొలతే," అంది. నలుగురూ చప్పట్లు కొట్టారు.

ముప్పై ఏడేళ్లుగా రుక్కమ్మ కోరుకున్న చప్పట్లు అవి. తృప్తిగా రెండు నిమిషాలు విన్నది. ఆ తర్వాత స్వెట్టర్ అందుకుని, అందరి ముందూ లోపలి వైపు బయటికి తిప్పి, వంకర కుట్లు పైకి కనిపించేలా బల్ల మీద, తన పేరున్న చీటీ పక్కన పరిచింది.

"అల్లింది నేనే. బెత్తెడు తప్పు వోయిన," అంది. "ఉదయా, ఆ చీటీల చేసినోళ్ల పేరు కాడ నా పేరు గొట్టేయి. కనకరాజు అని రాయి. ఆయిన చేత్తోని కుట్టిన మొట్టమొదటిది గిదే. టేపు లేకుంట కుట్టిండు, దారప్పోగు తప్పలె. ఇప్పుడే రజిని సూసింది గద."

ఉదయశ్రీ రాసింది. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి, ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ రాసింది. రజిని తన చిలకల ఫ్రేమును కొంచెం పక్కకు జరిపి స్వెట్టర్‌కు చోటు చేసింది.

రుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని రజిని వైపు చెయ్యి చాచింది.

"ఆ టేపు రెండు దినాలు ఇయ్యవా రజినీ? లక్కడ్‌కోట్ల ఒకామెకు స్వెట్టర్ అల్లాలె. నాలుగు కాళ్లున్నయ్ ఆమెకు, ఈసారి జానలతోని కొలిస్తే అయ్యేటట్టు లేదు."