పుస్తకంలో ఉన్న బావగారు

నేను బొమ్మలు వేసేది దేవుళ్ళకీ రాజులకీ కాదు. చెప్పులు కుట్టేవాళ్ళకి, బస్సులో టిక్కెట్లు కొట్టేవాళ్ళకి, ఇస్త్రీ చేసేవాళ్ళకి. వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో ముప్ఫై రెండు పేజీల్లో గీసి పిల్లల పుస్తకం చేస్తాను. "ఎవరిక్కావాలండీ ఇవి?" అని మా ఆవిడ పదిహేనేళ్ళుగా అడుగుతోంది. సమాధానం ఇంకా ఆలోచిస్తున్నాను.

నాకో పద్ధతుంది. తన బొమ్మ వేస్తున్నారని తెలిస్తే ఎంతటివాడైనా పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. అందుకని చాటుగా గీస్తాను. మా వీధి సెలూన్ బావగారి పుస్తకం కూడా అలాగే చేశాను. బావగారంటే చుట్టరికం ఏమీ లేదు. పాతికేళ్ళుగా నా తల ఆయన చేతుల్లో ఉంది, ఆ చనువుతో బావగారూ అంటే బావగారూ అనుకుంటాం. కుర్చీలో కూర్చుని, మెడకి కట్టిన తెల్లగుడ్డ కింద నోటుబుక్కు దాచుకుని, ఎదురుగా ఉన్న అద్దంలో ఆయన్ని చూస్తూ గీశాను. ఆర్నెల్లలో పదకొండుసార్లు క్షవరం చేయించుకున్నాను. చివరి రెండుసార్లూ కత్తిరించడానికేమీ మిగలక, పాపం ఆయన మొహమాటానికి గాలిలో కత్తెర ఆడించాడు.

అద్దంలో చూసి గీస్తే అన్నీ తారుమారవుతాయని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఇంటికొచ్చి బొమ్మల్లో గోడగడియారం ముళ్ళు సరిచేశాను. క్యాలెండర్లో అంకెలు సరిచేశాను. తలుపు మీద అక్షరాలు సరిచేశాను. మనిషిని సరిచెయ్యడం మర్చిపోయాను.

పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద బావగారు ఎడమచేత్తో కత్తెర పట్టుకుని నవ్వుతున్నాడు. కుడిబుగ్గ మీద ఉండాల్సిన పుట్టుమచ్చ ఎడమబుగ్గ మీదికి మకాం మార్చింది. నేను గమనించలేదు. ఆయనా గమనించలేదు. "నా ముక్కు మరీ ఇంతుందా బావగారూ?" అని వారం రోజులు దాని గురించే బాధపడ్డాడు.

ఎప్పట్లాగే ఎవరూ కొనకపోతే ఏ గొడవా ఉండేది కాదు. నా ఖర్మ కాలి ఈ పుస్తకం అందరికీ నచ్చింది. పుస్తకంలో ఉన్నాయన చేతే క్షవరం చేయించాలని తల్లులు ఎక్కడెక్కడినుంచో పిల్లల్ని తీసుకొచ్చారు. మొదట వచ్చిన పాపకి ఆరేళ్ళుంటాయి. కుర్చీ ఎక్కి, పుస్తకం తెరిచి, బావగారిని ఎగాదిగా చూసి దిగిపోయింది.

"ఈయన కాదమ్మా."

"నేనే తల్లీ," అన్నాడు బావగారు.

"మరి కత్తెర ఆ చేతిలో ఉందేం?"

వాళ్ళమ్మ పుట్టుమచ్చ కూడా పోల్చి చూసింది. "ఏమీ అనుకోకండి. చిన్నపిల్లతో అబద్ధాలాడటం బావుండదు కదా," అని చెప్పి తీసుకుపోయింది.

తర్వాత పాతవాళ్ళు మొదలుపెట్టారు. ఇరవయ్యేళ్ళుగా అక్కడే గడ్డం గీయించుకుంటున్న బ్యాంకు గుమాస్తా పుస్తకం రెండుసార్లు తిరగేసి, బావగారి కుడిచేతికేసి అనుమానంగా చూశాడు. "ఇన్నాళ్ళూ గమనించనేలేదు. ఇంతకీ ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు.

ఇది చాలదన్నట్టు ఊరి ఆ చివర ఎడమచేతివాటం మనిషొకడు తయారయ్యాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఎడమబుగ్గ మీద కాటుకతో చుక్క పెట్టుకుని, 'పుస్తకంలో ఉన్నది నేనే' అని బోర్డు కట్టాడు. జనం ఎగబడ్డారు. బొమ్మలో కాస్త పెద్దవాడిలా పడ్డాడులే అనుకున్నారు.

నేను పరుగెత్తుకుంటూ ప్రచురణ ఆఫీసుకి వెళ్ళాను. ఎడిటరమ్మ శాంతంగా విని, "ఎనిమిదివేల పుస్తకాలు ఇళ్ళల్లో ఉన్నాయండీ. అవన్నీ తప్పంటే ఎలా? ఆయన ఒక్కడే కదా. ఆయన్నే కాస్త మారమనండి," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మండినవాణ్ణి మండినట్టే ఉండకుండా వెళ్ళి ఆ మాట బావగారి చెవిన వేశాను. సిగ్గులేని పని. ఇప్పటికీ తల్చుకుంటే తల ఎత్తబుద్ధి కాదు.

ఆయన ఎడమచేత్తో కత్తెర పట్టి, ఇంట్లో చీపుళ్ళ మీద సాధన మొదలుపెట్టాడు. మూడోరోజుకే చీపురు నున్నగా, అంచు చెదరకుండా వచ్చింది. సంతోషించాల్సింది పోయి మొహం మాడ్చుకున్నాడు.

"చెయ్యి దానంతటదే పోతోంది బావగారూ. నాకు భయంగా ఉంది."

"మంచిదేగా, దుకాణం నిలబడుతుంది."

"దుకాణం పోతే పోయింది. ఇంకెవడో వచ్చి నేనే నువ్వంటే, ఊరంతా అవునవునంటే, మరి నేనెవర్ని?"

గొడవ ముదిరి, శనివారం మధ్యాహ్నం ఊరిపెద్దలు గ్రంథాలయంలో విచారణ పెట్టారు. పుస్తకంలో ఉన్నదెవరో తేలాక, రెండో మనిషి ఆ పేరు చెప్పుకోకూడదని తీర్మానం. పిల్లల గదిలో పొట్టి కుర్చీల మీద పెద్దవాళ్ళంతా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. బావగారు ఒక పక్క, కాటుక చుక్క మనిషి ఇంకో పక్క నిలబడ్డారు. నేను లేచి అద్దం సంగతి మొత్తం ఒప్పుకున్నాను. తప్పు నాదేనని మూడుసార్లు చెప్పాను.

గ్రంథాలయాధికారి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మీరు బొమ్మలు వేసేవారు. బొమ్మలో లేని సంగతులు మీరెలా చెప్తారండీ? కూర్చోండి."

కూర్చున్నాను. చివరికి ఎవరో తల్లిని అడగమన్నారు. బావగారి అమ్మకి ఎనభై దాటాయి, నేను అత్తయ్యా అంటాను. ఆవిణ్ణి ఆటోలో తీసుకొచ్చి, చేతిలో పుస్తకం పెట్టారు.

"అమ్మా, ఈ బొమ్మలో ఉన్నదెవరో చూసి చెప్పండి."

అత్తయ్య అట్టని కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. కత్తెర పట్టిన ఆ ఎడమచేతిని వేలితో తడిమింది.

"నా కొడుకేనయ్యా. ఎవరు గీశారో గానీ, నా కడుపున పుట్టినవాడు పుట్టినట్టే ఉన్నాడు."

"ఎడమచేత్తోనా?"

"ఆ చేత్తోనే పాలగ్లాసు పట్టుకునేవాడు. ఆ చేత్తోనే గోడలన్నీ గీసిపెట్టేవాడు. పుర్రచెయ్యని నలుగురూ నవ్వుతారని నేనే తువ్వాలుతో నడుముకి కట్టేశాను. రెండేళ్ళు కట్టాను. విప్పమని ఏడ్చేవాడు." బావగారికేసి వేలు చూపించింది. "అదుగో, వాడు నేను తయారుచేసినవాడు."

కాటుక చుక్క మనిషి జేబురుమాలుతో బుగ్గ తుడుచుకుని, వెనకగుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. గ్రంథాలయాధికారి మాత్రం కలం పట్టుకుని, "అంటే రిజిస్టరులో ఎవరని రాసుకోమంటారమ్మా?" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

బావగారు మెల్లిగా వచ్చి ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాడు. కట్టేసినప్పుడు ఆయనకి మూడేళ్ళట. ఏమీ గుర్తులేదు. అత్తయ్య ఆయన ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుని మణికట్టు నిమిరింది.

"ఇంకా నొప్పెడుతోందిరా?"

యాభై ఏడేళ్ళయింది. "లేదమ్మా," అన్నాడు బావగారు. అని, అంతమంది ముందూ గొల్లుమని ఏడ్చాడు.