వెనకగది తలుపు ఎటు తెరుచుకునేది

కత్తెరాయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. చొక్కా జేబులో ఎప్పుడూ కత్తెర ఉంటుంది గనక కత్తెరాయనే. అట్టతో, కాగితంతో ఇళ్ళ నమూనాలు చేస్తాడు. వాటికి నిజంగా తెరుచుకుని మూసుకునే తలుపులు పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. పల్చటి కాగితం పట్టీని సూదికి చుట్టి జిగురు అద్దుతాడు. ఆరాక సూది లాగేస్తే గొట్టం మిగులుతుంది. దాన్ని మూడు ముక్కలు కోసి, రెండు గుమ్మానికి, ఒకటి తలుపుకు అతికించి, మధ్యలోంచి సన్నటి తీగ దూర్చితే బియ్యపుగింజంత మడతబందు తయారు. సూదికి ముందుగా మైనం రుద్దడం మరిచిపోతే మాత్రం అంతా ఒకటే ముద్ద.

రోడ్డు వెడల్పు చేయడంలో పోయిన తమ పాత ఇంటి నమూనా కావాలని ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. కొలతలన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. "వెనకగది తలుపు మాత్రం లోపలికి, గదిలోకి తెరుచుకోవాలి" అని రెండుసార్లు చెప్పింది.

వారం తర్వాత ఆమె తమ్ముడు దిగాడు. అక్క ఫోన్లో చెప్పిందట, పని చూసిపోదామని వచ్చాడట. వెనకగది తలుపును హాల్లోంచి వేలితో తోశాడు. అది గదిలోకి వెళ్ళింది.

"ఇది తప్పండీ. బయటికి, హాల్లోకి తెరుచుకునేది."

కత్తెరాయన బందు ఊడదీసి అవతలి వైపుకు మార్చాడు. మర్నాడు అక్క ఫోన్ చేసింది. "వాడి మాట వినకండి. లోపలికే."

మళ్ళీ ఊడదీశాడు. రెండ్రోజులకు తమ్ముడు మళ్ళీ వచ్చి బయటికే అన్నాడు. మూడోసారికి గుమ్మం అట్ట పొరలు పొరలుగా లేచిపోయింది. కత్తెరాయనకు తల తిరిగిపోయింది. కొలతల్లో అంగుళాల తేడాలొచ్చినా పోనిచ్చిన ఆవిడ ఈ ఒక్క తలుపు దగ్గర పట్టిన పట్టు విడవదేం? అక్క మరిచిపోయిందా, తమ్ముడు పొరబడ్డాడా, తనే లోపలా బయటా తారుమారు చేసుకుంటున్నాడా? ఆ పూట భోజనానికి లేచి, లాగాల్సిన తమ ఇంటి తలుపును తోస్తూ నిలబడ్డాడు.

"ఇద్దర్నీ ఒకేసారి పిలవండి" అంది భార్య. "వాళ్ళ తలుపు వాళ్ళే తేల్చుకుంటారు."

ఇద్దరూ వచ్చారు. బల్ల మీద ఇల్లు ఉంది, పైకప్పు ఇంకా పెట్టలేదు.

"మళ్ళీ బయటికే పెట్టారేం?" అంది అక్క.

"నాన్న నన్ను గదిలో వేసిన రోజు లోపల్నుంచి తోశానక్కా" అన్నాడు తమ్ముడు. "పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. రాలేదు."

"లోపలికి తెరుచుకునేదాన్ని తోస్తే ఎలా వస్తుందిరా? లాగాలి. దానికి గడియ కూడా లేదు."

"గడియ లేదు. మరెందుకు రాలేదు?"

అతను గదిలో వేలు పెట్టి తలుపును తోశాడు. అది హాల్లోకి కదిలింది. అక్క చూపుడువేలు తనంతట తనే ముందుకొచ్చి తలుపుకు అడ్డంగా ఆనింది. తలుపు ఆగిపోయింది. బందు ఎక్కడ చిరుగుతుందోనని కత్తెరాయన ఊపిరి బిగబట్టాడు. ఇద్దరిలో ఎవరూ వేలు తియ్యలేదు.

"నాన్న కూర్చోబెట్టాడు" అంది అక్క చివరికి. "తలుపుకు వీపు ఆనించి కూర్చో, లేచావంటే నిన్నూ లోపల వేస్తానన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

"నువ్వు బడికి వెళ్ళావనుకున్నాను."

"నీకలాగే చెప్పాను."

తమ్ముడు వేలు తీసేశాడు. కిటికీలు లెక్కపెడుతున్నవాడిలా ఇంటి వంకే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఇద్దరూ కలిసే మెట్లు దిగారు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి ఫోన్. "లోపలికే పెట్టేయండి. అక్క చెప్పినట్టే."

కత్తెరాయన జేబులోంచి కత్తెర తీసేలోపే అక్క ఫోన్. "బయటికే ఉంచండి. వాడేమన్నా సరే."

ఫోన్ చేతిలో పట్టుకుని ఆయన భార్య వైపు చూశాడు. "నీకేమైనా అర్థమైందా?"

"అయింది."

"అయితే చెప్పు."

"చెప్తే మీరింకా గందరగోళపడతారు."

పని ఒప్పజెప్పింది అక్క గనక బయటికే ఉంచాడు. శనివారం తమ్ముడు వచ్చాడు. తలుపు ఎటుందో చూశాడు, అభ్యంతరం చెప్పలేదు. ఇంటిని రెండు చేతులా ఎత్తబోయి ఆగాడు.

"దీన్ని అక్క దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆవిడ ఇల్లు మారి పదేళ్ళయింది, నేనెప్పుడూ వెళ్ళలేదు. మీ దగ్గర అడ్రసు ఉంటుందిగా?"

సొంత అక్క ఇల్లెక్కడో తనని అడగడమేమిటో కత్తెరాయనకు అంతుపట్టలేదు. ఓ అట్టముక్క తీసుకుని రాసిచ్చాడు.