ఏడో ప్రశ్న దగ్గర హంసపాదు

ఆసుపత్రిలో ఆమె పని చెవులు పరీక్షించడం. గాజు తలుపున్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపిస్తూ, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటుంది. ఎక్కడ నొక్కడం మానేస్తారో అక్కడ కాగితం మీద గుర్తు పెడుతుంది. పదకొండేళ్లుగా అదే పని. వచ్చినవాళ్లంతా ఆమెను ‘డాక్టరమ్మా’ అంటారు. నేను డాక్టర్ని కాదండీ అంటే సగంమందికి వినపడదు, మిగతా సగం వినిపించుకోరు. చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఆ మాటేదో నిజం చేసేస్తే గొడవ వదులుతుందని పీహెచ్‌డీలో చేరింది.

ఆమెకు దొరికిన గైడ్‌ని విద్యార్థులు చాటుగా ‘ఖాళీ మాస్టారు’ అనేవారు. ఎవరు ఏ అంశం పట్టుకెళ్లినా ఆయన అడిగేది ఒక్కటే: “ఖాళీ ఎక్కడమ్మా?” ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో ఎవరూ కాలు పెట్టని చోటు చూపించమని దాని అర్థం.

డాక్టరమ్మ ముందు మిల్లుల్లో పనిచేసేవాళ్ల వినికిడి గురించి రాసుకెళ్లింది.

“దీనిమీద వందల పేపర్లున్నాయి. నీది వాటి చివర నిలబడుతుంది. ఖాళీ ఎక్కడ?”

తర్వాత పాటలు వినే కుర్రకారు చెవుల గురించి తీసుకెళ్లింది. మొన్ననే రెండొచ్చాయన్నారు. ఈసారి ఎవరూ చేసి ఉండరని గట్టిగా నమ్మి, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకీ పెట్టుకోనివాళ్లకీ వినికిడిలో తేడా ఉంటుందా అన్నది తీసుకెళ్లింది. వారం రోజులు వెతికినా ఒక్క పేపరూ దొరకలేదని సంబరంగా చెప్పింది.

ఆయన కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశారు. “ఖాళీ ఉంది. కానీ కనపడ్డ ఖాళీ జాగాలోకల్లా వెళ్లి ఇల్లు కడతామంటే ఎలాగమ్మా? కొన్ని ఉత్త గుంటలు.”

అలా ఆరు నెలల్లో ఐదు అంశాలు గుంటల్లో కలిశాయి. నెల తిరిగేలోగా ఒక్క పేజీలో అంశం రాసి కమిటీ ముందు పెట్టకపోతే పేరు కొట్టేస్తామని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

ఆరో అంశం ఆమెకు ఇంట్లోనే దొరికింది. మామగారు ఒక అచ్చాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు ప్రూఫులు దిద్దారు. ఆయన బల్లకీ ముద్రణ యంత్రాలకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క తడిక. పదవీ విరమణ నాటికి అక్షరాల మీద చూపు అలాగే ఉంది గానీ చెవులు పోయాయి. రెండేళ్ల కిందట డాక్టరమ్మే ఆయనకు పరీక్ష చేసి, మంచి మిషన్ చూసి, స్వయంగా చెవికి అమర్చింది. ఆయన దాన్ని వారం పెట్టుకుని, కళ్లజోడు డబ్బాలో దాచి, డబ్బాను సొరుగులో పెట్టారు. అది అక్కడ అరుగూ తరుగూ లేకుండా భద్రంగా ఉంది. చెవి మిషన్ ఉన్నవాళ్లు దాన్ని ఎందుకు పెట్టుకోరు? ఇదీ ఆమె ఆరో అంశం.

“దీనిమీదా చాలా ఉన్నాయి,” అన్నారు ఖాళీ మాస్టారు.

“ఎన్ని ఉంటాయి సార్?”

“అది నువ్వు లెక్కపెట్టి నాకు చెప్పాలి. అన్నీ చదువు. చదవకుండా ఖాళీ ఉందనీ అనకూడదు, లేదనీ అనకూడదు.”

ఎనభై మూడు తేలాయి. డ్యూటీ అయ్యాక లైబ్రరీలో, ఆదివారాలు భోజనాల బల్ల మీద, వరసగా చదివింది. పెద్ద అట్ట మీద గళ్లు గీసి, ఎవరు ఏ కారణం కనిపెట్టారో రాసుకుంది. నామోషీ. చుట్టుపక్కల శబ్దాలతో చికాకు. చిన్న చిన్న బటన్లు చేతికి అందకపోవడం. చెవిలో దురద. మొండితనం. ఏ దేశంవాళ్లు రాసినా ఇవే ఐదు. పదిహేను రోజులకి అట్ట మీద సూది మోపే చోటు లేకుండా పోయింది.

అయినా సరే, చేసిన పని పారెయ్యలేక పన్నెండు ప్రశ్నలతో ఒక పత్రం తయారుచేసింది. ముందు మామగారి మీదే ప్రయోగిద్దామని కలం పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

“మామయ్యా! మిషన్ ఎందుకు పెట్టుకోవట్లేదు?”

ఆయన పేపరు చదువుకుంటున్నారు. పక్క గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్న భర్త బదులిచ్చాడు. “నామోషీ! ఇంకేముంది. దానికి టిక్కు పెట్టు.”

“శబ్దాలు చికాకుగా ఉంటాయా?”

“ఉంటాయి, ఉంటాయి. నాన్న సంగతి నాకు తెలీదా!”

నాలుగు నిమిషాల్లో పత్రం నిండిపోయింది. మామగారు తల ఎత్తలేదు. ప్రశ్నలు చకచకా నడిచాయని డాక్టరమ్మకు తృప్తిగానే అనిపించింది. నింపని ఇంకో కాపీని బల్ల మీద వదిలేసి పడుకుంది.

పొద్దున లేచేసరికి ఆ పత్రం ఎర్ర పెన్సిలు గీతలతో ఉంది. పదకొండు అచ్చుతప్పులు దిద్ది ఉన్నాయి. రెండు చోట్ల దీర్ఘాలు, ఒకచోట ఒత్తు, ఎనిమిది చోట్ల కామాలు. ఏడో ప్రశ్న దగ్గర, కారణాలు ఐదూ వరసగా ఇచ్చిన చోట, నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఒక హంసపాదు ఉంది. ఇక్కడ ఏదో మాట తప్పిపోయింది అని చెప్పడానికి ప్రూఫులు దిద్దేవాళ్లు పెట్టే గుర్తు అది. పక్కన ఆ మాటేదో రాయాలి. రాయలేదు.

ఆమె కుర్చీ లాక్కుని మామగారి ఎదురుగా కూర్చుంది. హంసపాదు మీద వేలు పెట్టి, కింద రాసి చూపించింది: ‘ఇక్కడేం తప్పిపోయింది?’

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. “ఆ మిషన్ పెట్టుకున్న వారం రోజులూ మీరంతా వంటింట్లోంచే మాట్లాడారమ్మా. భోజనానికి రండి. తలుపు వేసుకోండి. అన్నీ చక్కగా వినపడ్డాయి. తీసేశాక ఏదైనా చెప్పాలంటే దగ్గరికొచ్చి, ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూసి చెప్తున్నారు. ఇప్పుడు నువ్వు కూర్చోలేదూ? రోజు మొత్తం మీద ఓ పావుగంట తేలుతుంది. అది ఈ ఐదింట్లో లేదు.”

ఆమె కలం మూత పెట్టింది.

“పదో ప్రశ్నలో వాక్యం అతకలేదు. చూసుకో,” అని ఆయన పేపరు విప్పుకున్నారు.

డాక్టరమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. కడగడానికి ఏమీ లేదు. కట్టేసింది. ఆసుపత్రి ఫైలులో మామగారి పేరు పక్కన ‘మిషన్ చక్కగా అమరింది’ అని రాసింది తనే. అప్పుడామెకు రాత్రి నిండిన పత్రం గుర్తొచ్చింది. అందులో నామోషీ అని టిక్కు ఉంది. టిక్కు పెట్టింది తన చెయ్యి, చెప్పింది భర్త నోరు. చెవులు మాత్రం మామగారివి.

ఆ సాయంత్రం లైబ్రరీలో ఎనభై మూడు పేపర్లూ మళ్లీ తీసింది. ఈసారి కారణాల జోలికి పోలేదు. ప్రశ్నలకు జవాబు ఎవరు చెప్పారు అన్నదొక్కటే వెతికింది. సన్న అక్షరాల్లో, ఎవరూ చదవని చోట దొరికింది: ‘ప్రశ్న వినపడనివారి తరఫున వెంట వచ్చిన కుటుంబసభ్యులు సమాధానాలిచ్చారు.’ ఒకదాంట్లో, ఇంకోదాంట్లో, లెక్క చూస్తే అరవై ఒక్కదాంట్లో. వినపడనివాళ్ల మీద పరిశోధన అది. డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు. లైబ్రేరియన్ వచ్చి బల్ల పక్కన నిలబడి, ఆమె నవ్వు పూర్తయ్యేదాకా చూసి వెళ్లిపోయాడు.

ఆమె మామగారి సంగతీ, అరవై ఒక్కటి లెక్కా చెప్పాక, ఖాళీ మాస్టారు అట్టను బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశారు. ఆ ప్రశ్న ఇప్పుడడుగుతారు, ఇప్పుడడుగుతారు అని ఆమె ఎదురుచూసింది. ఆయన అడగలేదు.

“మిగతా ఇరవై రెండూ?”

“ఎవరు చెప్పారో రాయలేదు సార్.”

“మీ మామగారు ఒక్కరు. ఒక్క మనిషితో కమిటీ ఒప్పుకోదు. ఇరవైమందిని అడుగు. ఎదురుగా కూర్చుని, కాగితం మీద రాసి అడుగు. వెంట వచ్చినవాళ్లని బయట కూర్చోబెట్టు.”

చెప్పినంత తేలిగ్గా లేదు ఆ చివరి పని. ఒకావిడ తల్లి చెయ్యి వదలనంది. “మా అమ్మకేం తెలుసండీ, అన్నీ నేనే చూస్తాను. నన్నడగండి, టకటకా చెప్పేస్తాను.” ఒక పెద్దాయన కొడుకు తలుపు గాజుకి ముఖం ఆనించి, లోపల జరిగేదాన్ని పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా కాపలా కాశాడు. చెయ్యి వదలనన్నావిడ తల్లి మాత్రం ప్రశ్నలన్నీ తీరిగ్గా చదివి, ఏడోదాని దగ్గర ఇలా రాసింది: ‘మా ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు. మిషన్ ఉంటే అందరికీ జవాబు చెప్పాలి. లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.’ కాగితం మడిచి ఇస్తూ, “ఇది మా అమ్మాయికి చూపించకండి,” అంది.

ఇరవైమందిలో పద్నాలుగుమంది ఆ ఐదింట్లో లేని కారణాలు రాశారు.

కమిటీలో ముగ్గురున్నారు. ఇద్దరు తలూపారు. మూడో ఆయన పేజీ చివరిదాకా చదివి, “అంతా బానే ఉంది. కానీ పెద్దవాళ్లు రాసింది నిజమని ఎలా నమ్మడం? ఇంట్లోవాళ్లని ఓసారి అడిగి సరిచూస్తే?” అన్నాడు.

ఖాళీ మాస్టారు నీళ్ల గ్లాసు ఎత్తి మూడు గుక్కలు తాగారు. “దానికోసం వేరే పీహెచ్‌డీ పెట్టుకోవచ్చు సార్. అక్కడ ఖాళీ లేదు, అరవై ఒక్కమంది ముందే ఉన్నారు,” అన్నారు. అంశం ఖాయమైంది. మూడేళ్ల గడువు, అడగాల్సినవాళ్లు మూడువందలమంది.

ఇంటికొచ్చి డాక్టరమ్మ భర్తకు విషయమంతా చెప్పింది.

“నామోషీ కాదా?” అన్నాడతను.

“కాదు.”

“మరి నాతో ఎప్పుడూ అనలేదే.”

“నువ్వు ఎప్పుడూ అడగలేదే.”

అతను కాసేపు అటూ ఇటూ తిరిగి, టీవీ కట్టేసి, వెళ్లి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలోకి చూశాడు. తండ్రి కూడా చూశారు. ఇలా కూర్చున్నాక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసినట్టు లేదు. చాలాసేపటికి కొడుకు పైకి చూపించి, ఫ్యాను కొంచెం ఊగుతోంది కదా అన్నాడు. తండ్రి అతని పెదాలు చూసి, తర్వాత ఫ్యానుకేసి చూశారు.

“ఎడమవైపు రెక్క,” అన్నారు. “బోల్టు వదులైంది. స్టూలు పట్టుకురా.”