పదిహేనో నిమిషం

"చిన్నకోడలు పనికి వెళ్లాలి, దాని బాక్సు ముందు సర్దు" అంటుంది మా అత్తయ్య రోజూ. నేనూ అదే క్లినిక్కుకి, అదే పనికి వెళతాను. నాది మాత్రం పని కాదు, వంటయ్యాక కాలక్షేపం. నా తోడికోడల్ని మరిది బండి మీద గేటు దాకా దింపుతాడు. మా ఆయన్ని అడిగితే "నడిస్తే ఒంటికి మంచిది" అన్నాడు. ఆ బండి నన్ను దాటి వెళ్లినప్పుడల్లా కడుపు మండిపోయేది.

వేలికి సూది గుచ్చడం, చుక్క రక్తం పరీక్ష కార్డు మీద వేసి టైము రాయడం, పదిహేను నిమిషాలకి గీతలు చూడడం, అన్నీ దానికి నేర్పింది నేనే. ఇప్పుడు గర్భిణులంతా "ఆ చిన్నమ్మాయి చేయి తేలిక" అని దాని ముందే కూర్చుంటారు. వచ్చే నెల నుంచి మా ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతారట. ఎవరన్నది నర్సమ్మ ఇష్టం.

ఆ రోజు నర్సమ్మ పక్క గదిలో టీకాలు వేస్తోంది. తోడికోడలి ట్రేలో హెచ్ఐవి కార్డు ఒకటి కనిపించింది. దాని మీద పదీ పది అని రాసి ఉంది. గోడ గడియారంలో పదీ నలభై ఐదు. ఎండిపోయిన కార్డు మీద వెంట్రుకంత సన్నగా రెండో గీత తేలింది. ఆలస్యమైతే ఉత్తినే అలా తేలుతుంది, నమ్మకూడదు. నా తోడికోడలు నమ్మింది. బయటి నుంచి పరుగున వచ్చి, గడియారం చూడకుండా, జబ్బు ఉన్నట్టుందని చీటీ రాసేస్తోంది. బెంచీ మీద ఆ గర్భిణి, పక్కనే చీటీ కోసం ఆవిడ అత్తగారు.

సంతోషించాను. అబద్ధమెందుకు, నిజంగానే సంతోషించాను. నర్సమ్మని పిలిస్తే చాలు, ఉద్యోగం నాది. కానీ ఈలోగా ఆ చీటీ అత్తగారి చేతిలో పడితే కడుపుతో ఉన్న ఆ పిల్ల ఈ పూటే ఇల్లు విడవాలి. చీటీ లాక్కున్నాను.

"ఇంతసేపు ఎక్కడికి పోయావు?"

"గేటు దగ్గరికక్కా. ఆయన వచ్చారు." గొంతు తగ్గించింది. "నా ఫోను చూడ్డానికి. ఎవరెవరితో మాట్లాడానో చూస్తారు. పొద్దున దింపేటప్పుడు ఒకసారి, మధ్యలో ఒకసారి. రోజూ."

ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్నది ఆ బండిని చూసి.

కొత్త కార్డు తీసి ఆ పిల్లకి మళ్లీ సూది గుచ్చాను. అబ్బా అని చేయి లాక్కుంది. తోడికోడలు గుచ్చినప్పుడు తెలియనే లేదట. ఆ ఈర్ష్య మాత్రం పోలేదు నాకు. పదిహేను నిమిషాలూ ఇద్దరం కార్డు దగ్గరే కూర్చున్నాం. ఒక్కటే గీత, జబ్బు లేదు.

"నర్సమ్మకి చెప్తావా అక్కా?"

"చెప్తాను. కార్డు ఆలస్యంగా చూశావని చెప్తాను. ఎందుకు ఆలస్యమైందో కూడా చెప్తాను. ఇక్కడ నర్సమ్మకి, సాయంత్రం అత్తయ్యకి."