కదలని గీత

వెంటిలేటర్ గొట్టం తీయాలంటే చెంచయ్య సొంతంగా ఊపిరి లాగాలి. ఫిజియోథెరపిస్టు అఖిల అతని డొక్క మీద స్కానింగ్ పరికరం ఆనించి, "గట్టిగా లాగండి తాతగారూ" అనడమే ఆలస్యం, భార్య సుబ్బరావమ్మ అడ్డుపడుతుంది. రోజూ ఇదే వరస.

"ఆయాసపడకయ్యా. మిషను లాగుతోందిగా!"

అఖిలకు ప్రాణం విసిగిపోయింది. స్కానింగ్ తెరను సుబ్బరావమ్మ వైపు తిప్పింది.

"ఈ తెల్ల గీతే ఊపిరి కండరం మామ్మగారూ. పని చెప్పకపోతే చిక్కిపోతుంది. చూడండి, కదలడమే లేదు."

"దేవుడిచ్చిన ఊపిరికీ కసరత్తేనా తల్లీ?"

"దేవుడిచ్చిన చేనని దున్నకుండా వదిలేస్తారా?"

సుబ్బరావమ్మ తెరను తేరిపార చూసింది. మిరపకోతలో కూలీలను అదిలించే గొంతుతో వార్డు దద్దరిల్లేలా అరిచింది.

"ఏందయ్యా, గట్టున కూలబడ్డ కూలోళ్ళలాగా ఆ గీత కదలదేంది? లాగు!"

గీత కాస్త కిందికి జారింది.

"ఇంకా దిగాలి" అంది అఖిల.

సుబ్బరావమ్మ కొంగు బొడ్లో దోపింది.