వంకాయ రంగు

కొలిమి అప్పటికే బాగా రాజుకుంది. ఐలవ్వ దగ్గుతూనే తిత్తి కర్ర లాగుతోంది. ఆమె భర్త సిద్దిరాములు లారీ కమానుపట్టా ముక్కను నిప్పుల్లోంచి తీసి, దాగలి మీద పెట్టి సమ్మెట ఎత్తాడు. అరవై దాటినా ఆ జబ్బల్లో జోరు తగ్గలేదు. తగ్గిందల్లా చూపే.

జైనూర్ దారిలోని ఆ కొలిమికి జనం గొడ్డళ్ళ కోసమే వస్తారు. గొడ్డలి మరీ గట్టిదైతే అంచు పెచ్చులూడుతుంది, మెత్తనిదైతే మడతపడుతుంది. అందుకే అంచును ఒకసారి నీళ్ళలో ముంచి, రాయితో రుద్ది మెరిపించి, ఆగాలి. వెనకనున్న వేడి మెల్లగా అంచుకు పాకుతూ ముందు గడ్డి రంగు, ఆ తర్వాత వంకాయ రంగు తెస్తుంది. అప్పుడే మళ్ళీ ముంచాలి. కాస్త ఆలస్యమైనా పనంతా బూడిదలో పోసినట్టే.

కళ్ళకు పొరలు కమ్మి సిద్దిరాములుకు ఆ రంగులు కనబడడం మానేశాయి. పోయిన వానాకాలం ఆయన చేసిన గొడ్డలి విరిగి, ఆ ముక్క ఒక రైతు పిక్కలో దిగింది. అప్పటినుంచి రంగు చూసేది ఐలవ్వే. వంకాయ రంగు రాగానే చేతి వెండి కడియంతో తిత్తి కర్రను ఒక్కసారి కొడుతుంది. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఆ కొలిమి గడప ఎవరూ తొక్కరు, ఆయనకా వేరే పని రాదు.

మధ్యాహ్నం గొడ్డలి కోసం అంబదాస్ వచ్చి కూర్చున్నాడు.

"జర గట్టిగ చెయ్ మామ. పోయినసారి భైంసాల కొన్నది రెండు దినాలు గూడ ఆగలే."

"నేను జేసింది సూడు మరి," అన్నాడు సిద్దిరాములు. ఐలవ్వ నవ్వబోయి దగ్గులో పడింది. "జరసేపు ఒరగరాదే," అన్నాడామెతో.

"గిదొక్కటి గానీయ్. అటెన్క పండుకుంట."

అంచు నీళ్ళలో చుయ్యిమంది. తీసి, రుద్ది, పట్టకారుతో పట్టుకుని నిలబడ్డాడు. కడియం చప్పుడు రాలేదు. ఇంకాస్త ఆగాడు. ఇంతసేపు పట్టదని ఆయనకు తెలుసు. కునుకు తీసిందేమోనని ఒళ్ళు మండింది.

"కొట్టవేందే? రంగు రాలేదా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అంబదాస్ ఆయన కళ్ళలోకి చూశాడు, తర్వాత తిత్తి వైపు చూశాడు.

"మామ, అత్త మెదుల్తలేదు," అన్నాడు మెల్లగా.

పట్టకారు, గొడ్డలి దాగలి మీద వదిలేసి సిద్దిరాములు తడుముకుంటూ వెళ్ళాడు. ఐలవ్వ తల తిత్తి కర్రకు ఆని ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి లేదు. ఆమె చెయ్యి పట్టుకుని, కడియాన్ని కర్రకు తనే ఒకసారి తాకించాడు. ఆ చప్పుడు విన్నాక ఏడుపు ఆగలేదు.

దాగలి మీద గొడ్డలి వంకాయ రంగు దాటి, నీలం దాటి, రెండోసారి నీళ్ళు ఎరగకుండానే బూడిద రంగులో చల్లారిపోయింది.